మా తోడల్లుడి లారీ, నేను పోసిన మందు

మా తోడల్లుడి లారీకి పొగ వచ్చేది కాదు. నా లారీకి వచ్చేది. చెప్పుకుంటే ఇంతే సంగతి. కానీ అది చూసి నేను ఎన్నేళ్లు కుళ్ళుకున్నానో, ఆ కుళ్ళుతో ఏం చేశానో ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

అతను నా భార్య చెల్లెలి మొగుడు. నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను అన్నా అని పిలిచేవాడు. ఇద్దరం ప్రొద్దుటూరులో ఒకే ఏడాది పాత లారీలు కొన్నాం. ఒకే కంపెనీవి, ఒకే రకం ఇంజను. జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో నాపబండలు ఎత్తుకొని ప్రొద్దుటూరులో పాలిష్ పట్టే ఫ్యాక్టరీలకు చేర్చేవాళ్లం. అప్పుడప్పుడు పులివెందుల వైపు నుంచి ముగ్గురాయి తెచ్చేవాళ్లం. రెండేళ్లు తిరిగేసరికి అతని బండి పొద్దున తాళం తిప్పగానే అందుకునేది. నాది పదిసార్లు మూలిగి, నీలం పొగ కక్కి, ఇరుగుపొరుగు వాళ్లతో తిట్టించుకొని గాని కదిలేది కాదు. మైదుకూరు రోడ్డు మీద ఎత్తు వచ్చినప్పుడు అతను నన్ను దాటిపోతూ హారన్ కొట్టేవాడు. పలకరింపుగానే కొట్టేవాడు. నాకు వెక్కిరింపులాగా వినపడేది.

గనుల దగ్గర మేస్త్రీ మొహం మీదే అనేవాడు: "మీ తోడల్లుడి బండి వచ్చేదాకా ఆగుదాం లేప్పా. నీది దావలో ఆగితే బండలు మల్ల దించి ఎక్కించేదెవరు?"

ఆదివారాలు ఇంకా కష్టంగా ఉండేవి. అత్తగారిల్లు జమ్మలమడుగులో. తాతల కాలంలో మిషన్ వాళ్ల దగ్గర క్రైస్తవులైన కుటుంబం, మామ బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. చర్చిలో ఆరాధన ముగిశాక అల్లుళ్లిద్దరికీ అక్కడే భోజనం. సంగటి ముద్ద మీద కోడిపులుసు పోస్తూ అత్త నవ్వేది. "చిన్నల్లుడు వచ్చి వాకిట్లో నిలబడితే గాని తెలీదు, బండికి సప్పుడే ఉండదు. పెద్దల్లుడు వస్తాండాడని మాత్రం వీధి మొదట్లోనే తెలుస్తాది." అందరూ నవ్వేవాళ్లు. నా భార్య కూడా. నేను ముద్ద సగంలో వదిలేసి లేచి చెయ్యి కడుక్కునేవాణ్ణి.

ఒకరోజు అతని లారీ క్యాబిన్‌లో, సీటు కింద, ఎర్రటి డబ్బా ఒకటి కనపడింది. ఇంజన్లో పోసే మందు డబ్బా. దాని మీద పరుగెత్తే గుర్రం బొమ్మ ఉంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఇదన్నమాట సంగతి! పనితనం కాదు, మందు! మనకు చెప్పకుండా దొంగచాటుగా పోస్తున్నాడు. అతన్ని అడిగి ఉంటే సరిపోయేది. కానీ అడిగితే నేను చిన్నబోయినట్టు అవుతుందని అడగలేదు.

నేరుగా మా మెకానిక్ దగ్గరికి పోయాను. ప్రొద్దుటూరులో లారీ ఇంజన్లు విప్పడంలో పేరున్న ముసలి సాయిబు ఆయన. ఇంజను నడిపించి, ఆయిలు పోసే మూత తీసి, అందులోంచి వస్తున్న ఆవిరి చూశాడు.

"పిస్టన్ రింగులు అరిగినాయప్పా. విప్పి బాగు చేసుకో," అన్నాడు.

"మందు పోస్తే సరిపోదా భాయ్?"

"అరిగిన రింగు మందుకు మల్ల పెరుగుతాదా? సప్పుడు తగ్గుతాది, పొగ తగ్గుతాది. నీకు బాగయినట్టు కనపడతాది. రోగం మాత్రం లోపల అట్లే ఉంటాది."

ఇంజను విప్పితే నెల రోజులు బండి నిలబడుతుంది. ఆ నెల రోజులూ గనుల దగ్గర అతనొక్కడే తిరుగుతాడు. ఆ ఊహే నాకు మింగుడుపడలేదు. స్పేర్ పార్టుల అంగడికి పోయి రెండు రకాల మందు కొన్నాను. ఒకటి ఇంజనాయిల్లో కలిపేది, తేనెలాగా చిక్కగా ఉంటుంది. ఇంకొకటి డీజిల్ ట్యాంకులో పోసేది, మూత తీస్తే కళ్లు మండేంత ఘాటు.

సాయిబు చెప్పినట్టే సప్పుడు తగ్గింది, పొగ పలచబడింది. ఆ ఆదివారం అత్తగారి వాకిట్లో కావాలనే ఇంజను ఆపకుండా పావుగంట నిలబెట్టాను. "పెద్దల్లుడి బండి కూడా బాగయిందే!" అంది అత్త. తోడల్లుడు బయటికొచ్చి, తల పక్కకు వంచి ఇంజను సప్పుడు విన్నాడు. "బాగుండాదన్నా," అన్నాడు, కానీ నొసలు ముడిచాడు. ఓర్వలేకపోతున్నాడనుకొని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అవి ముఠా కక్షలతో ఊళ్లు రెండుగా చీలిపోయి ఉన్న రోజులు. ఒక ఊరి వాళ్లు ఇంకో ఊరి మీదుగా బస్సులో పోవాలన్నా ఆలోచించేవాళ్లు. ఎన్నికలొచ్చాయి. పులివెందులలో పార్టీ మీటింగుకు జనాన్ని తీసుకుపోవాలని మా వైపు నాయకుడి మనిషి ఒకడు వచ్చి మా తోడల్లుడి లారీ అడిగాడు. అడగడమంటే అది అడగడం కాదు, కాదనే వీలుండదు. తోడల్లుడు తలవంచుకొని సరేనన్నాడు. అతనికి ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. బుద్ధి ఉన్నవాడెవడైనా పక్కకు తప్పుకునే సమయం అది. నేను ముందుకొచ్చాను.

"నా బండి కూడా ఉండాది గదా!"

"నీ బండా?" అన్నాడా మనిషి. "ముద్దనూరు దాటినాక దావలో ఊరు మనది కాదు. ఆడ ఆగితే మనోళ్లు ప్రాణాలతో రారు. తెల్సా?"

"ఆగదు. ఇప్పుడు శానా బాగుండాది."

ప్రాణాలు పోయే పనికి కూడా అతన్నే నమ్మి నన్ను నమ్మకపోవడం నాకు అవమానమైపోయింది. పట్టుబడితే చివరికి ఆ మనిషి రెండు బండ్లూ తెమ్మన్నాడు. మీటింగు రోజు పొద్దున డీజిల్ మందు డబ్బా మొత్తం ట్యాంకులో పోశాను. చాలదేమోనని ఇంకో డబ్బా కూడా పోశాను. ఒక్కో బండికి నలభై మంది ఎక్కారు. అతని లారీ ముందు, నాది వెనక. ముద్దనూరు దాకా బండి గాలిలో తేలినట్టు పోయింది. ఇంకాసేపట్లో అతన్ని దాటి హారన్ కొట్టాలనుకుంటున్నాను.

సరిగ్గా ఆ ఊరి పొలిమేరలో ఇంజను దగ్గింది. రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. తాళం ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు. వెనక జనం గోల మొదలైంది. ఊళ్లోంచి నలుగురు వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు, చూస్తుండగానే ఇరవై మందయ్యారు. చేతుల్లో కట్టెలు. పగటి ఎండలో వాళ్ల మొహాలు స్పష్టంగా కనపడుతున్నాయి. ఎవరూ అరవడం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

ముందు పోయిన తోడల్లుడు అద్దంలో నా బండి కనపడక వెనక్కి తిప్పుకొచ్చాడు. అతని పక్కన కూర్చున్న నాయకుడి మనిషి "వాని సంగతి వాడు సూసుకుంటాడు, పోనీ, పోనీ!" అని అరుస్తూనే ఉన్నాడు. అతను వినలేదు. దిగి, నా బండిలోని జనాన్ని తన బండిలోకి ఎక్కమన్నాడు. పాన తీసుకొని నా డీజిల్ ఫిల్టరు విప్పాడు. లోపల నల్లటి జిడ్డు, తుప్పు, ముద్దగా పేరుకొని ఉంది. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డినంతా నా మందు ఒక్కసారిగా కదిలించి ఫిల్టరుకు తెచ్చింది. డీజిల్ పోయే దారి మూసుకుపోయింది.

అతను వాసన చూశాడు. "ఏం పోసినావన్నా?" అన్నాడు మెల్లగా.

"ఏం పోయలే."

"మందు గాని..."

"నువ్వు పోస్తే తప్పు లేదు గాని నేను పోస్తే తప్పా? నీ సీటు కింద డబ్బా నేను సూడలేదనుకుంటాండావా?"

అతను నా వైపు వింతగా చూశాడు. "అది ఖాళీ డబ్బా అన్నా. రోడ్డు మీద దొరికింది. పొద్దున్నే ఫిల్టరు అడుగున బోల్టు వదులు చేస్తే డీజిల్లో చేరిన నీళ్లు వస్తాయి గదా, వాటిని దాంట్లో పట్టుకుంటా."

పాత ఫిల్టరు పారేసి, తన దగ్గరున్న కొత్తది బిగించాడు. పంపులో గాలి పోయేదాకా చేతిపంపు కొట్టమని నన్ను నిలబెట్టాడు. ఇంజను అందుకుంది. నేను సీటు ఎక్కుతున్నాను, అతను తన బండి వైపు నడుస్తున్నాడు. అప్పుడే మొదటి రాయి పడింది. తర్వాత చాలా పడ్డాయి. అతని లారీ ముందద్దం పగలడం వినపడింది. అతను అప్పటికే సీట్లో కూర్చొని ఉన్నాడు. నెత్తురు కారుతూనే ఎనభై మందితో బండిని ఆ ఊరు దాటించాడు. నేను ఖాళీ బండితో అతని వెనకే పోయాను.

ఎడమ కన్ను పోయింది. గాజుపెంకు లోపలికి దిగిందన్నారు డాక్టర్లు.

ఆసుపత్రి వరండాలో మా మరదలు గోడకానుకొని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, అబద్ధపు ఏడుపేం కాదు. కానీ ఆ ఏడుపులోనే ఎక్కడో ఒక మూల, ఇక ఇతను నన్ను దాటి పోలేడు గదా అన్న ఆలోచన వచ్చింది. దాన్ని నేను తెచ్చుకోలేదు, అదే వచ్చింది. దాన్ని రాకుండా చేయలేకపోయినందుకే ఇది రాస్తున్నాను.

తర్వాత సాయిబు నా ఇంజను విప్పి చూపించాడు. చిక్కటి మందు, పాత ఆయిలు కలిసి ఆయిలు వడకట్టే అడుగు జల్లెడకు జిగురులాగా పట్టుకొని ఉన్నాయి. ఆయిలు పైకి సరిగ్గా ఎక్కక బేరింగులు కూడా గీరుకుపోయాయి. దాన్ని తుక్కు కింద అమ్మేశాను. తోడల్లుడే మా ఇంటికి కబురు పెట్టాడు: "నా బండి ఊరికే నిలబడి ఉండాది. అన్నను తోలమనండి." తోలాను, ఇప్పటికీ తోలుతున్నాను. గనుల దగ్గర అందరూ ఆ లారీని చూసి అతని బాగోగులే అడిగేవాళ్లు. సీట్లో కూర్చున్నది నేనైనా బండి అతనిదే.

అతను ప్రొద్దుటూరులో చిన్న షెడ్డు వేసుకొని డీజిల్ పంపులు, నాజిళ్లు బాగు చేయడం మొదలుపెట్టాడు. ఒంటి కంటితోనే నాజిల్లోంచి డీజిల్ తుంపర పడే తీరు చూసి లోపం చెప్పేవాడు. కమలాపురం నుంచి కూడా లారీలు వచ్చి అతని షెడ్డు ముందు వరుస కట్టేవి. ఆ వరుస చూసినప్పుడు కూడా నా కడుపు మండేది.

మందు పోయమంటావా అని ఎవరైనా డ్రైవరు అడిగితే అతను ఓపికగా చెప్పేవాడు: "అన్నీ చెడ్డవని అనను. ఇంజనాయిల్లో కలపాల్సింది తయారు చేసినోళ్లే కలిపి పంపిస్తారు, మల్ల నువ్వు కలిపేదేంది? ట్యాంకు కడుగు, ఫిల్టరు మార్చు, ఆయిలు టయానికి మార్చు. అప్పుడు కూడా పొగ వస్తే నా కాడికి రా."

ఒక మధ్యాహ్నం షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. ఆరోజు మందు పోశానని చెప్పేశాను. రెండు డబ్బాలు పోశానని కూడా చెప్పాను.

"తెల్సులేన్నా. వాసన ఆపొద్దే తగిలింది."

"మరి అందరి ముందర ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను ఆడ్నే సంపేటోళ్లు, మనోళ్లే. నలభై మందిని తెచ్చి ఆ ఊర్లో నిలబెట్టినావని."

నాజిల్ బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. నాకు మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. అంత పెద్ద సంగతిని అన్నేళ్లు లోపల పెట్టుకొని నాతో ఎప్పటిలాగే మాట్లాడగలిగినందుకు అతని మీద ఇంకాస్త అసూయ పుట్టింది.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పోయి చెల్లెలికి చెప్పింది. ఇప్పటికీ ఆదివారం పూట మరదలు నాకు అన్నం పెడుతుంది, "ఇంకొంచెం పెట్టుకో బావా" అంటుంది. కానీ నా మొహం వైపు చూడదు. అతను మాత్రం పక్కనే కూర్చొని, లారీ ఎట్లా నడుస్తోందని అడుగుతాడు.