అద్దం దించమన్న కుముద

బంగారు గనుల వాళ్లు పోసిపోయిన సైనైడు దిబ్బ దుమ్ము గాలికి లేచి వీధంతా కమ్ముకుంటుంటే, తనిఖీకి వచ్చిన సర్కారు ఆఫీసరు కారు అద్దాలు బిగించుకుని కూర్చుని, "దుమ్ము యాడుండాదమ్మా?" అన్నాడు. "అద్దం దించి అడుగప్పా, చెప్తాను," అంది కుముద. దించాడు. దగ్గలేక చచ్చి, దుమ్ముందని రాసిపోయాడు. పాలమ్మే హనుమక్కకు ఆ జగడం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వే.

కుముద రోజూ మారికుప్పం రైల్లో బెంగళూరు ఆఫీసుకు పోయే మనిషి. గొడుగు ఎండకు కాదు, గాలికి అడ్డం పెట్టుకుని నడుస్తుంది. గనులు మూతబడ్డాక ఆ దిబ్బల మీద పచ్చిక పెంచుతామని సర్కారు కోర్టులో మాటిచ్చింది. మాట తప్పిందని కేసు వేసింది ఈమే. "నీకెందుకే ఈ కోర్టు రంపు?" అని వీధి నవ్వితే, "మాటిచ్చింది నేనా, వాళ్లా?" అంటుంది. నిన్న కుముద పాలకు వచ్చి హనుమక్క గుమ్మంలో నిలబడిపోయింది. పాలు వడగట్టిన గుడ్డను ఎవరూ చూడకముందే ఉతికేసే హనుమక్కకు ఆ పూట చెయ్యి ఆలస్యమైంది. గుడ్డ నిండా బూడిదరంగు మడ్డి. తన పాలంత శుభ్రం ఊళ్లో లేదని చెప్పుకునే మనిషి, గుడ్డను వెనక్కి దాచింది.

"దాచద్దక్కా. దుమ్ము వీధి వరకే, ఇండ్లలోకి రాలేదంటా ఉండాడు సర్కారు లాయరు. సోమవారం నాతో రైలెక్కి, జడ్జి ముందర దీన్ని విప్పు."

"విప్పితే ఇంగ నా పాలు ఎవురు కొంటారే?"

"తెలుసక్కా. అందుకే నీ మాట నమ్ముతారు. ఉతకొద్దు, అట్లే తీసుకురా."