అన్న ఇచ్చిన పాటల డబ్బా

ఇవాళ మా ఆయన పాటలు వినడానికని సీడీలు వేసే పాత వీడియోగేమ్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, విప్పి టంకం పెడుతున్నారు. ఆ పొగ వాసనకు ఫలక్‌నుమాలోని మా ఇల్లు గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, సీడీ తిరగకపోతే డబ్బాను బోర్లా పెట్టేవాళ్లం?

బాపు నన్ను ఐదో తరగతితో బడి మాన్పించాడు. ఆ వారమే అన్న, గేములు రావడం మానేసిన తన వీడియోగేమ్ డబ్బాకు పాత టేప్‌రికార్డరు స్పీకర్లు టంకం పెట్టి కలిపి నా ముందు పెట్టాడు.

“ఇగ ఇది నీదే. ఇంట్ల కూసొని మస్తు పాటలు వినొచ్చు.”

“బడి సంగతి బాపుకు చెప్తనన్నవ్ గదన్నా?”

“చెప్త తియ్. ముందుగాల పాట విను.”

పక్క గదిలో బాపు అన్నం తింటున్నాడు. అన్న అటువైపు చూసి, సౌండ్ పెంచాడు.

సీడీ అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఏం పాటలు వచ్చాయో అప్పుడడిగినా చెప్పలేకపోయేదాన్ని.