పట్టుకోవడానికి వీలులేని సంచి

2023 జులై 17, సోమవారం, ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు మా జీపు రాజమహేంద్రవరంలో బయలుదేరింది. ఆకాశం పూర్తిగా మూసుకుని ఉంది. వాన లేదు. పడమటి గాలి మందంగా వీస్తోంది. గాలి సంగతి ముందుగా రాసుకోవడం మా వృత్తిలో అలవాటు. వాన కురిస్తే ఆగి చూడవచ్చు. గాలి మాత్రం మైకులో చేరిందంటే తరవాత ఎంత శ్రమపడినా పూర్తిగా తొలగదు.

అప్పటికి నేను ఒక సంస్థలోని జానపద కళల విభాగంలో సీనియర్ రికార్డిస్టును. స్టూడియోలో కాకుండా, పాట పుట్టిన చోటికే వెళ్ళి శబ్దాన్ని పట్టుకురావడం నా పని. నా పై అధికారి ప్రోగ్రాం ఆఫీసర్ సుశీలగారు. ఆవిడ ఇచ్చిన ఉత్తర్వు స్పష్టంగా ఉంది: రామచంద్రపురం అవతల ఒక ఊళ్ళో ఊడ్పుల పాటలను, నాట్లు వేస్తున్న స్త్రీలు పనిలో ఉండగానే, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరస తప్పకుండా రికార్డు చేయాలి.

తొందరకు కారణం ఉంది. ఆ ఊరి ఊడ్పుల ముఠాకు మేస్త్రి మరియమ్మగారు. వయసు యాభై ఎనిమిది. మొదటి చరణం ఆమె అందుకుంటే మిగిలిన పదముగ్గురూ వంత పాడతారు. ఆమె పాట వేగమే వాళ్ళ చేతుల వేగం. ఆమె మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగింది. కాకినాడలో శుక్రవారం ఆపరేషన్, గురువారం ఆసుపత్రిలో చేరాలి. గొంతు నరం పక్కనే కత్తి నడుస్తుంది కనుక, తరవాత మాట వస్తుంది గానీ పాట వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరు ముందే చెప్పారు. పాటల వరస మొత్తం తెలిసిన మనిషి ముఠాలో ఆమె ఒక్కతే. ముందురోజు ఫోనులో ఆమె నాతో అన్న మాట ఇది: “నా గొంతు ఉంటాదో పోద్దో నాకు తెలవదండి. పాట మాత్రం మా వాళ్ళకి ఉండాలి. ముందు అది పట్టుకోండి, తరవాత డాక్టర్లు నన్ను కోసుకుంటారు.”

చేను సుబ్బరాజుగారిది. మంచి రైతు, అంతకు మించిన మర్యాదస్తుడు. ఆ మర్యాద గురించే ఇక్కడ వివరంగా చెప్పాలి.

మా పనిముట్ల సంగతి కొంచెం. రికార్డరు, బ్యాటరీ, వైర్‌లెస్ మైకుల రిసీవర్లు, తీగలు అన్నీ ఒక సంచిలో ఉంటాయి. ఆ సంచిలోంచి ఒక తీగ చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లకు, మరొకటి బూమ్ అనే పొడవాటి గెడ కొసన ఉన్న మైకుకు వెళ్తుంది. గెడ పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. కాబట్టి సంచి దానంతట అది ఒంటిమీద నిలవాలి. పై మూత తెరిస్తే రికార్డరు మీటలు కంటికి ఎదురుగా కనిపించాలి. మాకు ఆఫీసు ఇచ్చినది ఒకే పట్టీతో భుజానికి వేలాడే కాన్వాసు సంచి. పైన చేత్తో ఎత్తడానికి ఒక పిడి. నిండుగా సర్దితే ఆరు కిలోల రెండు వందల గ్రాములు. మామూలు రికార్డింగులో అది పెద్ద లెక్క కాదు. పాటకూ పాటకూ మధ్య కింద పెట్టుకుంటాం.

ఊడ్పు చేలో కింద పెట్టడానికి నేల ఉండదు. నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేసిన పిక్కల లోతు బురద, దానిమీద నీరు. నాటేవాళ్ళు వంగి, నాటిన ఆకు, అంటే వరి నారు, కళ్ళ ముందు ఉండేలా వెనక్కి నడుస్తారు. వాళ్ళ ముఖాలకు ఎదురుగా నిలబడదామంటే అప్పుడే నాటిన ఆకును తొక్కాలి, అది కుదరదు. వెనక నిలబడితే పాట నీళ్ళలోకి పోతుంది. అందుచేత రికార్డిస్టు కూడా వరస చివర చేరి, వాళ్ళతో పాటు వెనక్కే నడవాలి.

ఏడు గంటల పది నిమిషాలకు మరియమ్మగారు తొలి పిడికెడు ఆకు నాటి మొదటి పాట అందుకున్నారు. మూడో పాట వరకు సవ్యంగా సాగింది. అప్పుడు సుబ్బరాజుగారు పంచె పైకి దోపుకుని గట్టు దిగి, బురదలో నా వైపు వచ్చారు. పట్టీ నా భుజం మీంచి జారడం ఆయన గట్టుమీంచి చూశారట. మా జిల్లాలో వచ్చిన చుట్టం చేతిలో సంచి ఉండనివ్వడం ఇంటివారికి తలవంపు. బస్సు దిగకముందే సంచి అందుకుంటారు. ఇక్కడ ఆ చుట్టాన్ని నేను. “మీరు మోయడమేంటండి, ఇలా ఇవ్వండి” అంటూ ఆయన పైనున్న పిడి పట్టుకుని ఎత్తారు.

నా రెండు చేతులూ గెడ మీద ఉన్నాయి. హెడ్‌ఫోన్లు మెడమీదికి జారాయి, మైకు తీగ ఊడింది, బ్యాటరీ తీగ తెగింది. మొదటి పాట నుంచి ఆపకుండా తీస్తున్న ఫైలు ముగియక ముందే కరెంటు పోవడంతో మూడు పాటలూ పనికిరాకుండా పోయాయి. ఈ సంగతేమీ తెలియని సుబ్బరాజుగారు సంచిని జాగ్రత్తగా మోసుకెళ్ళి మోటారు షెడ్డులో మేకుకు తగిలించి, పైన శుభ్రమైన తువ్వాలు కూడా కప్పారు.

మరియమ్మగారు పాట ఆపి నడుము నిటారుగా చేశారు. ఆమె వదిన దానమ్మ మాత్రం వంగినచోటి నుంచే అంది: “రాజుగారూ, మా నడుములు కూడా అలాగే ఓ మేకుకి తగిలించండి బాబూ, సాయంత్రం వచ్చి తీసుకుంటాం.” ఊడ్పుల రోజున చేలోకి దిగిన రైతును ఆటపట్టించే హక్కు ఆ స్త్రీలకు ఉంది. ఆయనతో సహా అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అంతసేపు పాడితే ఆమె గొంతు ఎంత బరువెక్కుతుందో వింటూనే ఉన్నాను.

మళ్ళీ పాడించడం అనుకున్నంత తేలిక కాదని తెలిసింది. తొలి పాట ఆ ఏటి సార్వా, అంటే తొలకరి పంట, నాట్లకు తొలి పిడికెడు నాటేటప్పుడే పాడతారు, రెండోసారి పాడరు. తక్కిన పాటలను మరో మడిలో, పని జరుగుతుంటే పాడవచ్చు. సుబ్బరాజుగారు ఎంతో నొచ్చుకుని, గట్టుమీద కుర్చీ వేయించి, కొబ్బరి నీళ్ళు తెప్పించి, కూర్చుని తీరికగా పాడమని మరియమ్మగారిని బతిమాలారు. ఆమె కాదనలేక కూర్చున్నారు. రెండు చరణాలు దాటలేదు. చేతిలో ఆకు లేకపోతే మాట వెనక మాట రావడం లేదండి అన్నారు. ఆ రోజుకు పాట చాలించాలని కూడా ఆవిడే చెప్పారు. మిగిలిన చిన్న మడిలో నాట్లు బుధవారానికి పెట్టారు. అంటే మాకు ఉన్నది ఒక్క ఉదయం.

మంగళవారం ఆఫీసులో సుశీలగారు విషయం విని, సంచి ముట్టుకోవద్దని రాజుగారికి ముందే చెప్పవలసింది కదా అన్నారు. చెప్పాను. చేలో దిగకముందే చెబితే ఆయన “అలాగేనండి” అన్నారు, అయినా వచ్చి పట్టుకున్నారు. ఆయన్ని ఆపితే తమ్ముడు వస్తారు, తమ్ముణ్ణి ఆపితే పాలేరు వస్తాడు. మర్యాద చేసేవాళ్ళను వరసగా మందలించడం నా ఉద్యోగం కాదు. మార్చవలసింది సంచిని అని చెప్పాను.

స్టోరులో మరో రెండు ఉన్నాయి. ఒకటి కెమెరాతో వచ్చిన వీపు సంచి. బరువు చక్కగా పంచుతుంది. కాని రికార్డరు మీటలు వీపు వెనక ఉంటే శబ్దం స్థాయి ఎలా చూసుకోవడం? అది పక్కన పెట్టాను. రెండోది రొమ్ముమీద కట్టుకునే సంచి. రెండు భుజాలమీదుగా పట్టీలు వీపు మీద కలుసుకుంటాయి, నడుముకు వెడల్పాటి బెల్టు ఉంటుంది. చంటిబిడ్డను మోసినట్టు కనిపిస్తుందని మా విభాగంలో ఎవరూ దాన్ని కట్టుకోలేదు. కొని అయిదేళ్ళయినా కొత్తదిగానే ఉంది.

దాన్ని కట్టుకుని వరండాలో వంగి వెనక్కి నడిచాను. సంచి ముందుకు వేలాడి మోకాళ్ళకు తగిలింది. చేలో అయితే నీళ్ళను తాకుతుంది. బరువు తగ్గించకుండా పట్టీలు బిగించి లాభం లేదు. మరియమ్మగారి మెడ దగ్గర వాపు ఉంది కనుక ఆమె ఒంటికి మైకు తగిలించే ప్రశ్నే లేదు. అలాంటప్పుడు వైర్‌లెస్ రిసీవర్లు ఎందుకు? తీసేశాను. రెండో మైకు, అదనపు తీగలు, పెద్ద బ్యాటరీ కూడా తీసి చిన్న బ్యాటరీ పెట్టాను. తూకం మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములకు దిగింది. అప్పుడు పట్టీలు బిగిస్తే సంచి రొమ్ముమీదే నిలిచింది.

తరవాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని సంచి చేసే చప్పుడే విన్నాను. కొనేవాళ్ళు ఎక్కువమంది జేబులు లెక్కపెడతారు. సంచికి కూడా గొంతు ఉంటుందన్నది ఆలోచించరు. జేబు మూతల వెల్‌క్రో అంటుపట్టీలు లాగితే చిరుగుతున్న గుడ్డలా మోగాయి; వాటిని సూదీదారంతో కుట్టేశాను. వాన ముసుగు ప్లాస్టిక్‌ది, కదిలితే గలగలలాడింది. దానికి బదులు నూలు తువ్వాలు కప్పాను. పట్టీ ఇనుప రింగులకు గుడ్డ చుట్టాను. ఆఖరున సంచి నెత్తిన ఉన్న పిడిని బ్లేడుతో కోసేశాను. ఆఫీసు సొత్తుకు నష్టం చేశానన్న సంగతి రాతపూర్వకంగా తెలియజేశాను.

ఒక పరీక్ష మిగిలింది. నేను గెడ పట్టుకుని నిలబడి, ఈ సంచిని మర్యాదగా నా దగ్గర నుంచి తీసుకోండి చూద్దాం అని సుశీలగారిని అడిగాను. ఆవిడ ఒకసారి నా చుట్టూ తిరిగారు.

“ఎక్కడ పట్టుకోవాలండి?”

“అదేనండి కావలసింది.”

బుధవారం ఆరున్నరకు చేలో దిగాం. ఊహించినట్టే సుబ్బరాజుగారు వచ్చారు, చెయ్యి చాపారు, ఆ చెయ్యి నా భుజం దగ్గర, నడుము దగ్గర, మళ్ళీ భుజం దగ్గర ఆగింది. పట్టుకోవడానికి ఏమీ దొరకక, “ఇదేంటండి, ఇలా కట్టేసుకున్నారు!” అని చిన్నబుచ్చుకుని గట్టెక్కారు. నాలుగు పాటలు అడ్డంకి లేకుండా దొరికాయి.

అయిదో పాటలో సన్నటి తుంపర మొదలైంది. తువ్వాలు ఆ తుంపరకు చాలు. కాని ఆయన మర్యాదకు దారి దొరికింది. నల్ల గొడుగు విప్పి నా నెత్తిన పట్టడానికి బురదలోకి దిగారు. గొడుగు గుడ్డమీద పడే చినుకు మైకులో గులకరాయిలా మోగుతుంది. ఆయన నాలుగు అడుగుల దూరంలో ఉన్నారు. నేను తల అడ్డంగా ఊపాను, అది మొహమాటమనుకున్నారు. పాట ఆపించాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. అప్పటికే మరియమ్మగారి గొంతు బరువెక్కింది. ఆపితే మళ్ళీ అందుకోగలరన్న నమ్మకం లేదు.

ఆమె తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. పాట నడకలోనే, అదే రాగంలో ఒక చరణం కట్టారు:

“గట్టు దిగిన రాజుగారో, గొడుగు ముడిచి నిలవండో,
గొంతు తడిసిపోక ముందే గట్టుకెళ్ళి వినవయ్యో.”

పదముగ్గురూ వంత అందుకున్నారు. దానమ్మ ‘వినవయ్యో’ అన్నచోట అవసరమైనదాని కంటె ఎక్కువ సాగదీసింది. సుబ్బరాజుగారు గొడుగు ముడిచి, తుంపరలో తడుస్తూ నాట్లు పూర్తయ్యేవరకు గట్టుమీద నిలబడే ఉన్నారు. మడి పదకొండు గంటల అయిదు నిమిషాలకు ముగిసింది. చివరి పాట చివరి మాట దగ్గర మరియమ్మగారి గొంతు పూర్తిగా జీరపోయింది. అయినా మాట స్పష్టంగానే ఉంది. హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చి కొంత వినిపించాను. కళ్ళు మూసుకుని విని, “సరిపోయిందండి. ఇంక ఆ డాక్టర్లేం చేసుకున్నా పర్లేదు” అన్నారు.

ఆపరేషన్ సక్రమంగా జరిగింది. మాట తిరిగి వచ్చింది. పాట రాలేదు, గొంతు గట్టుదాటి వినిపించదు. మరుసటి ఏడు ముఠాకు దానమ్మ మేస్త్రి అయింది. మేం తీసిన పాటలను ఫోనులో విని వరస నేర్చుకుంది. మరియమ్మగారు గట్టుమీద కూర్చుని, తప్పు దొర్లినచోటల్లా చెయ్యి ఎత్తేవారు.

సంచి ఎంచుకోవడంలో ఈ అనుభవం నాకు నేర్పింది ఇంతే: అందులో ఏమేమి పడతాయని చూడడం కంటె, దాన్ని ఏ ఒంటిమీద, ఏ నేలమీద, ఎవరి చేతుల మధ్య మోయాలో ముందు తేల్చుకోవాలి. ఆ తరవాత దేన్ని తీసేయాలో తూకమే చెబుతుంది. పిడి కోసిన సంచినే పదవీ విరమణ రోజు వరకు వాడాను.

ఊడ్పుల పాటల వరసలో మొత్తం పాటలు పన్నెండు. మరియమ్మగారి గొంతులో భద్రపడినవి పదకొండు. తొలి పాట మరుసటి ఏడు, తొలి పిడికెడు నాటేటప్పుడు, మరియమ్మగారు మాటగా చెప్పగా నేర్చుకున్న దానమ్మ గొంతులో దొరికింది.