సూది లేని పాట

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో చిన్నచూపు. అలాంటివి పనీపాటా లేనివాళ్ళకే కనబడతాయని తాతగారు అనేవారు. నేనూ అలాగే పెరిగాను. నేటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

డెబ్భైల చివరి సంగతి. మా లంక భూములు అప్పటికే చేతులు మారాయి. రాజమండ్రిలో ఇల్లొకటి మిగిలింది. అందులోనూ ఒక వాటా అద్దెకిచ్చాం. తాతగారి రోజుల సామానులో ఆఖరికి నిలిచింది టేకు పెట్టె రేడియోగ్రామ్. దాని మీద మా అన్నయ్య ఇంగ్లీషు రాక్ పాటలు వినేవాడు. సినిమా పాటంటే ముఖం తిప్పుకునేవాడు. రికార్డులను తాతగారి పట్టు కండువాతో తుడిచేవాడు. ఆ పిచ్చి నాకూ అంటింది. ఎలక్ట్రిక్ గిటారు ఒక్కటే సాగే చోట ఇప్పటికీ నాకు మాట్లాడబుద్ధి కాదు.

అన్నయ్యకు ప్రాణమైన రికార్డు మద్రాసులో పాత సామాన్ల బజారులో కొన్నది. దానికో గీత ఉండేది. గిటారు పైకెక్కుతుండగా సూది ఎగిరి పాట చివర్లో పడేది.

"మధ్యలో ఏముందో వినకుండానే పోతాన్రా" అని నవ్వేవాడు. కామెర్లతో అలాగే పోయాడు.

ఏటిసూతకం తీరేదాకా ఇంట్లో పాట వినబడకూడదు. మాకు నిలుపుకోవడానికి పద్ధతులు తప్ప ఏమీ మిగల్లేదు కనుక అమ్మ వాటిని గట్టిగా పట్టుకుంది. రేడియోగ్రామ్ మీద దుప్పటి కప్పించింది.

కొన్ని నెలలకు, పక్క వాటాలో ఉండే మేష్టారి భార్య కామేశ్వరి గారు అరుగు మీద నన్ను పలకరించారు. కోనసీమ పల్లె నుంచి వచ్చిన మనిషి. వాళ్ళింట్లో రేడియో కూడా లేదు.

"మధ్యాహ్నాలు మీరు పెట్టే ఇంగ్లీషు పాట బాగుంటుందండి, అన్నయ్యగారూ. మాటలు తెలీవుగానీ రాగం నోటికొచ్చేసింది. మా ఆయనైతే, దొరసానిగారూ కాఫీ ఇప్పిస్తారా అంటున్నారు."

"మా ఇంట్లో పాటేంటండి? ఏడాది తిరగలేదు" అన్నాను, కటువుగానే.

ఆవిడ ముఖం పాలిపోయింది. తలుపు వెనక అమ్మ వింది.

అమ్మ భోజనం వడ్డించి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అన్న పోయిన ఏడాదిలోనే పాటలు పెట్టుకునే కొడుకుననుకుంటోందని అర్థమైంది. కంచం వదిలి లేచాను. రేడియోగ్రామ్ సూది ఊడదీసి ఆమె ముందు పెట్టాను. తీసి కొంగున ముడేసుకుంది. నమ్మిందో లేదో తెలియలేదు.

ఆ తరువాత మధ్యాహ్నమైతే చాలు, గోడకు చెవి ఆనించి నిలబడేవాణ్ణి. ఏమీ వినిపించేది కాదు. వీధిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మా గురించేనేమో అనిపించేది.

ఆదివారం అమ్మ రేడియోగ్రామ్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. నన్నూ కూర్చోమంది. పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. విసనకర్ర చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఎంతసేపు అలా కూర్చున్నామో, తలుపు తట్టారు. తీస్తే కామేశ్వరి గారు, చంకలో పాప.

"ఏమనుకోకండి, పిన్నిగారూ. పాపకి ఒళ్ళు కాలిపోతోంది. ఈ పూటకి పాట కాస్త తగ్గిస్తారా?" అని, చెవి ఒగ్గి ఒక్క క్షణం ఆగారు. "అయ్యో, ఆపేశారా? తగ్గించమనడానికొచ్చానండి, ఆపేయమని కాదు."

నేను నోరు తెరవబోతే అమ్మ చేత్తో వారించింది.

"ఎలా ఉంటుందమ్మా ఆ పాట?"

ఆవిడ సిగ్గుపడుతూనే సన్నగా పాడి వినిపించారు. అది అన్నయ్య రికార్డే. గిటారు పైకెక్కే చోటు వచ్చింది. అక్కడ ఎగరలేదు. మెల్లగా, మెట్టుమెట్టుగా కిందికి దిగింది. ఆ ముక్క సొంతంగా కల్పించి పాడుతున్నారనుకున్నాను.

"ఇకనుంచి తగ్గిస్తాంలే, తల్లీ" అంది అమ్మ.

ఆవిడ వెళ్ళాక, అమ్మ కొంగుముడి విప్పి సూది నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి నా పక్కన కూర్చుని తింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

తరువాత వాళ్ళకు బదిలీ అయింది. ఎనభైల్లో, పాటలు క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చే దుకాణంలో ఆ రికార్డే కనబడింది. కొత్తది, గీత లేదు. వేయమన్నాను. గిటారు పైకెక్కింది. ఎగరలేదు. మెల్లగా, మెట్టుమెట్టుగా కిందికి దిగింది.

"ఇది ముందే విన్నారా అండి?" అన్నాడు దుకాణదారు, నా ముఖం చూసి.

"విన్నాను" అన్నాను.

ఎక్కడని అడిగాడు. అప్పుడూ చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను.