మట్టలాదివారం నాడు ఊదని బూర

2023 వేసవి. చీపురుపల్లి అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంక్యుబేటర్‌కి నేను మేనేజర్ని. ఇంక్యుబేటర్ అంటే కొత్త ఆలోచనతో వచ్చిన కుర్రాళ్ళకి గది, యంత్రాలు, సలహా ఇచ్చి, సొంత కంపెనీగా నిలబడేదాకా కాపాడే చోటు. మాకు గది ఉంది. యంత్రాలూ ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు విప్పకుండా. సలహాలకైతే కొదవే లేదు.

ఎస్తేరుది నౌపడ. తల్లి మరియమ్మ ఉప్పుమళ్ళలో పనిచేస్తుంది. అకాలవాన పడితే మళ్ళలో తేలిన ఉప్పంతా కరిగిపోతుంది. అందుకని ఎస్తేరు ఒక యంత్రం చేసింది. గాలిలో మార్పు పసిగట్టి, వానకి ముందే అది గట్టిగా బూర ఊదుతుంది. ఉప్పు గోకి, కుప్పపోసి, కప్పుకునే వ్యవధి దొరుకుతుంది. మొదట్లో నవ్విన మళ్ళవాళ్ళు, అది ఒకటికి రెండుసార్లు సరిగ్గా ఊదేసరికి నమ్మారు. మబ్బుకేసి చూడడం మానేశారు.

ఆ యంత్రం ఒక్కటే. ప్రోటోటైప్, అంటే తొలి నమూనా. రెండోదానికి సామాన్లు ఇప్పించమని నేను అడుగుతూనే ఉన్నాను. ఈలోగా కాలేజీకి ఏ పెద్దమనిషి వచ్చినా చూపించడానికి మాకు దిక్కు అదే. మేం ఫోన్ చెయ్యడం, ఆ పిల్ల దాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కడం ఆనవాయితీ అయిపోయింది.

ఆసారి వచ్చే ఆయనకి ఆదివారమే తీరిక. అది మట్టలాదివారం, ఈస్టర్‌కి ముందు తాటాకు మట్టలు పట్టుకుని ఊరంతా చర్చికెళ్ళే రోజు, పైగా ఉప్పు తీసే అదను.

"ఈసారికి ఫొటోలు చూపిద్దాం సార్," అన్నాను డైరెక్టరు గారితో.

"ఒక్క పూటకి కొంపలేం ములిగిపోవు. రెండో యంత్రానికి సంతకం పెట్టేది నేనే అని ఆ అమ్మాయికి గుర్తుచెయ్యండి," అన్నారాయన.

చెప్పాను. వచ్చింది.

వేదిక మీద పెద్దమనిషి మీట నొక్కారు. హాలు దద్దరిల్లేలా బూర మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర ఎస్తేరుకి ఫోనొచ్చింది. మరియమ్మ గొంతు పక్కనున్న నాకూ వినిపించింది.

"వానొచ్చేసినాదే. మట్టలట్టుకుని అందరం సర్చిలోనే ఉండిపోనాం. బూర ఊదితే ఎల్దుమనుకున్నారు జనం. నువ్వట్టుకెళ్ళిపోనావని ఆళ్ళకేటి తెలుసు? ఒక్క పూటే కదాని నానూ సెప్పనేదు. ఉప్పు మరి నేదే గుంటా."

ఎస్తేరు కంచం పక్కన పెట్టేసింది.

తర్వాత నేనూ నౌపడ వెళ్ళి, బూరని మళ్ళీ పెట్టుకోమని మళ్ళవాళ్ళని బతిమాలాను. మళ్ళలో పెద్దాయన ఒకాయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

"సూడు బాబూ, మబ్బు మమ్మల్నొగ్గేసి సభలకెళ్ళదు. నీ బూర ఎల్తాది. మాకొద్దు," అన్నాడు.

ఎస్తేరు ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతోంది. రెండో యంత్రానికి సంతకం ఆ తర్వాతే పడింది. సామాన్లూ వచ్చాయి, అవీ కవర్లలోనే ఉన్నాయి.

పొదిగే గుడ్డుని వచ్చినవాళ్ళందరికీ తీసి చూపిస్తే పిల్ల కాదు. ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇదే. నేర్చుకుని ఏం లాభం, మాన్పించే శక్తి నాకు లేదు. ఎస్తేరు వద్దని వదిలేసిన బూర మా అద్దాల బీరువాలో ఉంది. రేపు మళ్ళీ ఎవరో వస్తున్నారట, పనిచేస్తుందో లేదో చూడమన్నారు. మీట నొక్కాను. బ్రహ్మాండంగా మోగింది.