ఫుల్ హెచ్‌డీలోనూ కనబడని బంతి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. ఇప్పుడు తెలియనివే రోజుకొకటి చొప్పున పోగవుతున్నాయి గానీ, డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివి, అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక టీవీల షాపులో సేల్స్‌మన్‌గా చేరిన కొత్తలో, ఎవరు ఏ సందేహం అడిగినా జవాబు నా నాలుక చివరే ఉండేది. గోడకి అంటుకునే పల్చటి టీవీలు అప్పుడప్పుడే మా ఊళ్ళోకి దిగుతున్నాయి. వీపున మూపురం మోసే పాత పిక్చర్ ట్యూబు టీవీలని చూస్తే నాకు జాలేసేది. సబ్బవరం నుంచి, ఎలమంచిలి నుంచి కూడా జనం ఊరికే చూసిపోదామని వచ్చేవారు. వాళ్ళని వరసగా నిలబెట్టి, "ఈ తెర మీద ఇరవై లక్షల చుక్కలున్నాయండీ. మీ ఇంట్లో ఉన్నదాంట్లో ఇందులో అయిదో వంతుంటే గొప్ప. దీన్నే ఫుల్ హెచ్‌డీ అంటారు" అని ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. (చుక్కలు నేనేమీ లెక్కపెట్టలేదు. కంపెనీవాళ్ళ కాగితంలో ఉంది, నమ్మాను.) ఆ పైన డిస్కు వేసేవాణ్ణి. జలపాతం, దాని పక్కన చెట్టు కొమ్మ మీద రామచిలకలు. చూసినవాళ్ళు నోరు తెరిచేవారు. వాళ్ళు నోరు తెరిచారంటే చిలకలు బాగా కనబడుతున్నట్టే కదా అని నేనూ తృప్తిపడేవాణ్ణి.

అలా నోరు తెరిచినవాళ్ళలో మా మావయ్య ఒకడు. మా మేనత్త భర్త. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కానీ ఊళ్ళో ఆయన్ని అందరూ పిలిచేది అంపైరు మాస్టారని. ఆదివారం చర్చిలో ఆఖరి ఆమెన్ అవడమే తడవు, తెల్లటోపీ పెట్టుకుని గ్రౌండుకి బయల్దేరేవాడు. ఆయన వేలెత్తితే ఔటే. ఎదురు మాట్లాడితే, "నావి డేగ కళ్ళురా, ఎల్లెల్లు" అనేవాడు. ఆ డేగకళ్ళ మనిషి ఒకనాడు షాపుకొచ్చి, చిలకల ముందు నిలబడి తన బాధంతా చెప్పుకున్నాడు.

"అల్లుడూ, ఇంట్లో ఆ డబ్బాలో బంతి కనబడట్లేదురా. బౌలరు సెయ్యి తిప్పుతాడు, ఆ ఎదటోడు బేటు ఊపుతాడు, జనం కేకలేత్తారు. మద్దిలో ఏటయిందో ఆ దేవుడికే తెలవాల."

"చుక్కలు చాలక అలా అవుతుంది మావయ్యా. ఇది పట్టుకెళ్ళు. బంతేమిటి, బంతి మీద కుట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు" అన్నాను.

కుట్ల దగ్గర ఆయన పూర్తిగా పడిపోయాడు. ఆ వారంలోనే టీవీ వాళ్ళింటికి చేరింది. మా అత్త కొత్త వస్తువేదొచ్చినా ప్రార్థన చేయించనిదే ముట్టుకోదు. పాస్టరుగారు వచ్చారు. సీరియళ్ళు కాపురాలు కూలుస్తాయని అంతకు ముందు ఆదివారమే ప్రసంగం చేసిన మనిషి పాపం, ఏమని దీవించాలో పాలుపోక, "ప్రభువా, ఇందులో మంచి మాత్రమే స్పష్టంగా కనబడునట్లు చేయుము" అని ముగించేశారు. (నాకైతే ఆ ప్రార్థన అనవసరం అనిపించింది. స్పష్టత సంగతి నేను చూసుకుంటున్నాను కదా.) పాత టీవీ వెనక గదిలోకి వెళ్ళిపోయింది. నేను కేబుల్ వైరు తగిలించి, పెళ్ళికొడుకులా పక్కకి తిరిగి నిలబడి, రిమోట్ నొక్కాను.

ముందు మా అత్త రోజూ చూసే సీరియల్ వచ్చింది. అందులో కోడలు పిల్ల తెర నిండా పరుచుకుంది. నలుచదరం బొమ్మని వెడల్పు తెరకి సాగదీస్తే ఏమవుతుందో అదే అయింది. సన్నటి పిల్ల కాస్తా నెలలు నిండినదానిలా కనబడుతోంది. ముఖం మీద ముక్కెక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు.

"ఇదేట్రా, ఈ పిల్ల మొకం గుమ్మిడికాయలాగయిపోనాది?" అంది అత్త. ఆ తరవాత నెమ్మదిగా, "అన్నట్టు ఆ సిలకలేవిరా? మీ షాపులో ఉన్నాయి కదా, మనింటికొచ్చేసరికి ఎగిరెల్లిపోనాయా?" అని అడిగింది.

చిలకలు డిస్కులోవనీ, కేబుల్లో వచ్చే బొమ్మ పాతదేననీ, హెచ్‌డీ చానళ్ళు ఇంకా మన దాకా రాలేదనీ చెప్పబోయాను. ఈలోగా మావయ్య క్రికెట్ పెట్టించాడు. వీధి గుమ్మం పక్కన, గాలి తగిలేచోట, తన పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. ముందుకి వంగాడు. మళ్ళీ వాలాడు. "బంతేదిరా?" అన్నాడు. నేను రిమోట్ తీసుకుని వెలుతురు పెంచాను, తగ్గించాను.

మర్నాడు షాపు రద్దీగా ఉన్నప్పుడు మావయ్య వచ్చాడు. గ్రౌండులో బౌండరీ దాకా వినబడే గొంతు. "ఫుల్ హెచ్‌డీ లేదు, నా మొకం లేదు! ఇరవై లచ్చల సుక్కలంట! అందులో ఒక్క సుక్క బంతి కనబడదు!" జలపాతం ముందు నిలబడ్డ ఒక జంట జలపాతాన్ని వదిలేసి మెట్లు దిగిపోయింది. మా యజమాని నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయన నన్ను గోదాములోకి పిలిచి, "బాబూ, మీ మావయ్యగారి గొడవ నువ్వే తెచ్చేవు, నువ్వే తేల్చు. ఆయన మళ్ళీ ఇక్కడికొచ్చి కేకలేస్తే మాత్రం నువ్వు రానక్కర్లేదు" అన్నాడు. అది నా మొదటి ఉద్యోగం. జీతం కంటే, మా వీధిలో నాకొచ్చిన "టీవీల ఇంజనీరు" అన్న పేరు పోతుందేమోనని బెంగ పట్టుకుంది.

అయినా ధైర్యం పోలేదు. ఆదివారం మావయ్య గ్రౌండు నుంచి వచ్చేవేళకి వాళ్ళింటికి వెళ్ళి, వెనక గదిలోంచి పాత టీవీని లాక్కొచ్చి కొత్తదాని పక్కన పెట్టాను. ఒకే కేబుల్ వైరుని రెండింటికీ పంచాను. కొత్తదాని సెట్టింగు మార్చి బొమ్మని నలుచదరంగా కుదించాను. (మొదటి రోజే చెయ్యాల్సిన పని అది. ఉపన్యాసం హడావిడిలో తోచలేదు.) రెండింట్లోనూ ఒకటే మ్యాచి.

"ఇప్పుడు చెప్పు మావయ్యా, ఎందులో బంతి బాగా కనబడుతోంది?"

ఆయన తీర్పు ఇచ్చే ముందు చూసే చూపు చూశాడు. "రెండిట్లోనూ లేదు. రెండూ దొంగవే" అన్నాడు.

వంటింటి గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తున్న అత్త తలెత్తింది. కుర్చీ కంటే ఆవిడే తెరకి ఎక్కువ దూరంలో ఉంది. "లేకపోడమేటి? అదుగో, తెల్లగా, గడ్డిలో దొర్లుతన్నాది కాదా. ఆ పొడుగోడు కాలితో ఆపీసేడు" అంది.

"ఏ టీవీలో అత్తా?"

"రెండిట్లోనూ."

నాకు ఒళ్ళంతా ఉత్సాహం పొంగుకొచ్చింది. "మావయ్యా, కింద స్కోరెంత ఉందో చదువు" అన్నాను.

"నేనెందుకు సదవాల? స్కోరు రాసీవోడు వేరే ఉంటాడు. నేను అంపైర్ని" అన్నాడు మావయ్య.

అత్త మునగాకు చాట పక్కన పెట్టి పకపకా నవ్వింది. "డేగ కళ్ళట, డేగ కళ్ళు! మొన్న సందులో మేక కనబడితే మర్యాదగా పక్కకి తొలిగి, 'ఎల్లండమ్మా' అన్నాడ్రా మీ మావ!"

కళ్ళు చూపించుకుందాం రమ్మంటే ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి, "నువ్వూ సూపించుకుంటే నేనూ సూపించుకుంటాను. నాకొక్కడికే ఏటి?" అని మెలిక పెట్టాడు. దానికేం భాగ్యం అన్నాను. నాకు భయమేమిటి? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చుక్కల స్పష్టత గురించి చెప్పేవాణ్ణి.

సోమవారం ఆటోలో కళ్ళద్దాల షాపుకి వెళ్ళాం. ముందు మావయ్య కూర్చున్నాడు. పై అక్షరం తప్ప మిగతావన్నీ చీమలన్నాడు. తరవాత నేను దర్జాగా కూర్చుని మొదటి వరస చదివాను. రెండోది చదివాను. మూడో వరస దగ్గర తెలివితేటలు ఉపయోగించాల్సి వచ్చింది. నాలుగో వరస ఉందని కళ్ళు పరీక్షిస్తున్న షాపతను చెబితేనే తెలిసింది.

"తమ్ముడూ, మీరేం పని చేత్తారు?" అని అడిగాడతను.

"టీవీలు అమ్ముతానండీ. పిక్చర్ క్లారిటీ... చూపించి."

అతను మర్యాదగల మనిషి. నవ్వు ఆపుకోవడానికి అద్దాల డబ్బా కోసం లోపలి గదిలోకి వెళ్ళాడు. మావయ్యకి అలాంటి మొహమాటాలేం లేవు.

రెండు జతల అద్దాలూ తయారయ్యాక తేలిన నిజం ఇది. ఆ కుర్చీలోంచి చూస్తే, కేబుల్లో వచ్చే క్రికెట్ పాత టీవీలోనూ కొత్త టీవీలోనూ దాదాపు ఒకటే. నేను షాపులోంచి చిలకల డిస్కూ, ప్లేయరూ తెచ్చి వేసినప్పుడు మాత్రం, దగ్గరగా జరిగి చూస్తే, కొత్త టీవీ ముందు పాతది వెలవెలబోయింది. చిలక మెడ చుట్టూ ఎర్ర గీత ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది. దాన్ని పట్టుకునే ఏడాదిగా టీవీలు అమ్ముతున్నాను! అత్త సీరియల్‌కి మాత్రం వెనక గదిలో పాతదానికే వెళ్ళిపోయింది. కొత్తదాంట్లో మొహాలు పెద్దవై అత్తగారి పాత్రధారి విగ్గు అంచు కనబడిపోతోందట. అది తెలిశాక ఆవిడకి భయపడబుద్ధి కావడం లేదట. మావయ్య మళ్ళీ షాపుకొచ్చాడు గానీ ఈసారి కేకలకి కాదు, సాక్ష్యానికి. "టీవీ మంచిదేనండీ. తప్పు నాది" అని జనం ముందు చెప్పాడు. నేను కూడా కొనడానికొచ్చిన వాళ్ళని ఎంత దూరంలో కూర్చుంటారు, ఏ చానళ్ళు చూస్తారు, కళ్ళు ఎప్పుడు చూపించుకున్నారు అని అడగడం మొదలుపెట్టాను. "మనది టీవీల కొట్టా, కళ్ళాసుపత్రా?" అని మా యజమాని విసుక్కున్నాడు గానీ, అలా అడిగించుకున్నవాళ్ళే తిరిగి నా దగ్గరికి వచ్చేవారు.

అద్దాలు చేతికొచ్చిన సాయంత్రం మేమిద్దరం ఆటో ఎక్కలేదు. మెయిన్ రోడ్డంతా నడిచాం. మావయ్య ఒకటో తరగతి పిల్లాడిలా బోర్డులన్నీ పైకి చదువుతున్నాడు. బట్టల కొట్టు, మందుల షాపు, దూరంగా వస్తున్న బస్సు మీద ఊరి పేరు. ఆయన చదవనివి నేను చదువుతున్నాను. ఉన్నట్టుండి ఆయన ఆగి, రోడ్డు అవతల కూరల బండి దగ్గరున్న మనిషిని చూసి, "బావా! ఓ బావా!" అని చెయ్యి ఊపుతూ కేకేశాడు. ఆయన మా నాన్న. బావగారికి పెద్ద గీర, ఎదురుపడ్డా పలకరించడని కొన్నాళ్ళుగా ఇంట్లో నొచ్చుకుంటున్నాడు. ఆ కేక విని మా నాన్న, ఎవరినో పిలుస్తున్నాడు కాబోలని, వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"నిన్నే బావా!" అంటూ మావయ్య రోడ్డు దాటేశాడు. బండి పక్కన నిలబడి వాళ్ళిద్దరూ నవ్వుకోవడం ఇవతలి నుంచి నాకు స్పష్టంగా కనబడింది. అంతకు ముందు రోజు వరకూ అంత దూరంలో ఏమీ కనబడేది కాదు. అయినా అన్నీ కనబడుతున్నాయనే తిరిగేవాణ్ణి. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.