నేను తీసేసిన కాలు

ఆ రోజుల్లో అబద్ధమాడని మనిషంటే ఊరు ఊరంతా దణ్ణం పెట్టేది. నాకు మాత్రం అలాంటివాళ్లను చూస్తే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అబద్ధమాడనివాళ్లందరూ నిజం చెప్పేవాళ్లే అనుకుంటారు జనం. అలాంటి మనిషితో ముప్పై రెండేళ్లు కాపురం చేసినదాన్ని, నన్నడగండి చెబుతాను. మా ఆయన్ని ఊళ్లో ‘ధర్మకాంట’ అనేవారు. లారీని ఎక్కించి తూచే కాంటా లాగా ఆయన నోట్లోంచి వచ్చే మాట గింజ ఎక్కువా రాదు, గింజ తక్కువా రాదని. నన్నేమో ‘కాలు తీసినామె’ అంటారు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఎవరో ఒక ముసలమ్మ తన కోడలి చెవిలో “గీమెనే, గా కాలు తీసినామె” అని గొణుగుతుంది. ఎందుకు తీశానో మాత్రం ఒక్కరూ అడగరు. అడగకపోయినా నేనే చెబుతాను. (రాసిపెడుతున్న మనవరాలు అప్పుడే నవ్వుతోంది. నవ్వనీ.) న్యాయం మీరు చెప్పండి. మా ఊరి పెద్దలు చెప్పిన న్యాయం నేను ఆనాడూ ఒప్పుకోలేదు, ఈనాడూ ఒప్పుకోను.

పెళ్లయిన రెండో ఏడు మేమిద్దరం సౌదీ పోయాం. ఖఫ్జీ అని, కువైట్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. అక్కడ ఒక సేఠు ఇంట్లో పని. మా కఫీల్ ఆయనే, అంటే వీసా ఇచ్చి మా పాస్‌పోర్టులు తన బీరువాలో పెట్టుకున్నవాడు. మా ఆయనకు గేటు తీసే పని, కార్లు కడిగే పని. నాకు అంట్లు, బట్టలు. గేటు పక్కన రేకులు కప్పిన సామాన్ల గది మాకు ఇల్లు. అందులో ఖరాబైన ఏసీలు మూడు, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉండేవి. పైదాని మీద నేను ఉప్పు కారం డబ్బాలు పెట్టుకున్నాను. ఎండాకాలం ఆ గదిలో పొయ్యి ముట్టించకుండానే రొట్టె కాలేది. (ఇది కొంచెం పెంచి చెప్పాను. కొంచెమే.)

మా ఇద్దరికీ ఉత్తరం రాయడం రాదు. ఆయనకు సంతకం వచ్చు, నాకు అదీ సగమే. అందుకని మా దిక్కువాళ్లందరిలాగే మేమూ టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, ఇంటికి పోయే మనిషి చేతిలో క్యాసెట్ పెట్టేవాళ్లం. ఊళ్లో దాన్ని ఇరవైమంది చుట్టూ కూర్చుని వినేవారు. మొదటి క్యాసెట్ ఆయనే మాట్లాడాడు, గొంతు సవరించుకుని, సర్పంచి లాగా.

“అమ్మా, మేమిద్దరం మంచిగున్నం. మా రూములనే మూడు ఏసీలున్నయి. దినాం కోడికూర తింటున్నం. పొద్దుగాల లేస్తే ఆరు కార్లు నా చేతుల మీదికెల్లే పోవాలె. సేఠు ఎంత పెద్దోడైనా నేను గేటు తీయంది బయటికి పోడు. మీరేం రంది వెట్టుకోకుండ్రి.”

నేను చటుక్కున బటను నొక్కి ఆపేశాను.

“ఏందయ్యా గిది? గిన్ని అబద్ధాలు ఎప్పుడు నేర్చినవు?”

“ఏది అబద్ధం? ఒక్కటి చూపియ్యి.”

“మూడు ఏసీలా?”

“లెక్కవెట్టు.”

లెక్కపెట్టాను. మూడే.

“అవి నడుస్తయా?”

“నడుస్తున్నయని నేనన్ననా?”

“కోడికూరనా? ఆళ్ల పిల్లలు కొరికి పారేసిన బొక్కలు!”

“ఆ బొక్కలు కోడియి కాక మేకయా?”

నోరు మూసుకున్నాను. జవాబు దొరక్క మూసుకున్నాను. నాకు ఒళ్లు మండేది అక్కడే. జవాబు దొరకకుండా చేస్తే చాలు, మనిషి సత్యవంతుడైపోతాడా?

ఆ క్యాసెట్ ఊళ్లో అరిగిపోయేదాకా తిరిగిందట. కొన్ని నెలలకు జవాబుగా వచ్చిన క్యాసెట్‌లో మా తమ్ముడి గొంతు. నా పుట్టిల్లూ ఆ ఊరే. వాడు మా అమ్మకు ఒక్కగానొక్క కొడుకు. మా నాయన పోతూ పోతూ వాడి చేతిలో పెట్టింది ఒక గొర్రెల మంద. వాడూ, వాడి కొత్త పెళ్లామూ, మా అమ్మా బతికేది ఆ మంద మీదే. “అక్కా, నేను గూడ వస్త. ఏజెంటుతోని మాట్లాడిన. ఉగాది ఎల్లంగనే మంద అమ్ముత. ఎన్నొద్దులని గొర్ల ఎంబడి తిరుగుత? బావ తీరుగ నేను గూడ ఏసీల పండుకుంట.”

మంద కట్టడానికి మా నాయనకు ఒక జీవితకాలం పట్టింది. అమ్మడానికి ఒక పూట చాలు. ఈ లోపల ఇరాక్‌వాళ్లు కువైట్‌లో దిగారు. మా గేటు ముందు నుంచే కార్లమీద పరుపులు కట్టుకుని జనం పారిపోయి వస్తున్నారు. నేను వెంటనే క్యాసెట్ పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. “తమ్మీ, రాకు. ఏసీలు ఖరాబైనయి. మీ బావ కార్లు కడుగుతుండు, నేను అంట్లు తోముతున్న. పక్కకే యుద్ధం ఉన్నది. మంద అమ్మకు.” ఇందులో అబద్ధం లేదు, దాపరికమూ లేదు. దీనికి ఏం జవాబొచ్చిందో తెలుసా? మా మరదలి గొంతు: “వదినా, నువ్వు మూడు ఏసీల నడుమ పండుకోవచ్చు గని, మేము రావద్దా? ధర్మకాంట అన్న అబద్ధం చెప్తడా?” వెనకాల నుంచి మా తమ్ముడు, “అక్కకు చిన్నప్పటి సంది నా మీద కండ్లమంటనే” అనడం కూడా వినబడింది. వాడి చెప్పులు నేను మోశాను చిన్నప్పుడు, వాడి మీద నాకు కండ్లమంటట!

చలికాలంలో యుద్ధం మా గుమ్మంలోకే వచ్చింది. సేఠు ఇంటికి తాళం వేసి, పెళ్లాం పిల్లలతో మదీనా బయల్దేరాడు. మమ్మల్ని ఆ ఊళ్లోకి రానివ్వరు, మా దేవుళ్లు వేరు గదా. అందుకని దారిలో దమ్మాం పట్నం బయట తన బామ్మర్ది ఉల్లిగడ్డల గోదాములో మమ్మల్ని దింపి పోయాడు. సైరన్ మోగినప్పుడల్లా బస్తాల సందులో దూరేవాళ్లం. కళ్లలో నీళ్లు భయానివో, ఉల్లిగడ్డలవో తెలిసేది కాదు. అలాంటి చోట కూర్చుని ఆ మహానుభావుడు ఏం మాట్లాడి క్యాసెట్ నింపాడో వినండి: “అమ్మా, మేమున్న కాడ ఇప్పటిదాంక ఒక్క బాంబు పడలే. తినే సామాను బస్తాలకు బస్తాలున్నది.”

ఆ క్యాసెట్ మరునాడు ఊరికి పోవాలి. మా పక్క ఊరి మేస్త్రీ ఒకడు ఎగ్జిట్ వేయించుకుని, అంటే ఇక మళ్లీ రాకుండా, ఇంటికి పోతున్నాడు. ఉగాదికి నెల కూడా లేదు. ఈ మాటలు వింటే మా తమ్ముడు పండుగదాకా కూడా ఆగడని నాకు తెలిసిపోయింది. నిజం చెప్పి చూశాను, కండ్లమంట అన్నారు. ఇంక నా దగ్గర ఏముంది? మా ఆయన లారీకి బస్తాలెత్తడానికి పోగానే క్యాసెట్ వెనక్కి తిప్పి, ఎర్ర బటనూ పక్క బటనూ కలిపి నొక్కాను. ఆయన సత్యం మీదే నా అబద్ధం ఎక్కించాను.

“తమ్మీ, మీ బావ కాలు పోయిందిరా. బాంబు పడ్డది. మోకాలి కిందికి తీసేసిండ్రు.”

అంతవరకే చెప్పి ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ మాట నోట్లోంచి రాగానే ఏడుపు తన్నుకొచ్చింది. అది నటన కాదు. రేకుల గదీ, ఎంగిలి బొక్కలూ, సైరన్లూ, అమ్మను చూడక రెండేళ్లవడం, అన్నీ కలిపి ఆ పోని కాలు మీద పెట్టి ఏడ్చాను. క్యాసెట్ ఒక పక్కంతా ఏడుపే. మధ్యలో ఒక్కటే మాట, “మంద అమ్మకు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత.”

యుద్ధం ఆగాక, మేమింకా ఆ గోదాములోనే ఉండగా జవాబొచ్చింది. క్యాసెట్ పెట్టగానే మా అత్త శోకం: “కొడుకా, నిన్ను రెండు కాళ్లతోని కంటి గదరా! ఏ కాలు పాయె కొడుకా? కుడిదా, ఎడమదా? నీ పెండ్లాం ఏడుపుల వడి అది చెప్పనే మరిశె!”

మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ముందు కుడికాలు చూసుకున్నాడు. తర్వాత ఎడమకాలు చూసుకున్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. అత్త శోకం అయిపోయాక మా తమ్ముడి గొంతు వచ్చింది, బొంగురుపోయి. “బావా, మంద అమ్మలే. నేను రాను. నువ్వే ఇంటికి రా. నీకు పది గొర్లిస్త, కూసోని మేపుకో.”

“నా కాలు తీసేసినవా?” అన్నాడాయన.

“తీసేసిన. నీ నిజం విని వాడు మంద అమ్మబోయిండు, నా అబద్ధం విని ఆగిండు. ఇద్దర్ల ఎవరు మంచోళ్లు?”

“నా ఇంట్ల అబద్ధమా! రేపే చెప్త, ఉన్నదున్నట్టు చెప్త.”

“చెప్పు. చెప్పి మా అమ్మను అడుక్క తినమను.”

నాలుగో రోజు కొత్త క్యాసెట్ తీసి టేపురికార్డరు ముందు కూర్చున్నాడు. నేను ఉల్లిగడ్డ బస్తా పట్టుకుని నిలబడ్డాను. కాలు పోలేదని ఒక్క మాట ఆయన నోట్లోంచి జారితే మా తమ్ముడు మందను సంతకు తోలుతాడు.

“అమ్మా, ఏడువకు” అని మొదలుపెట్టాడాయన. “ఇప్పుడు రెండు కాళ్ల మీద నిలవడే మాట్లాడుతున్న.” (నిజంగానే లేచి నిలబడ్డాడు, మాట తప్పకూడదని.) “మంచిగ నడుస్తున్న. బస్తాలు గూడ మోస్తున్న. ఇక్కడి దవాఖానల డాక్టర్లు మస్తు తెలివిగల్లోళ్లట. బామ్మర్దీ, మంద పైలం.” బటను నొక్కి, నా ముఖం చూడకుండా అన్నాడు: “ఇందుల ఒక్క అబద్ధం ఉంటే చూపియ్యి.”

చూపించలేదు. డాక్టర్లు కొత్త కాలు పెట్టారని ఊళ్లోవాళ్లే అనుకుంటారు. ఆ ఒక్క పూట ఆయన తూకం మీద నాకు కోపం రాలేదు. మిగతా ముప్పై రెండేళ్లూ వచ్చింది.

ఏడాదిన్నర తర్వాత ఊరికి పోయాం. బస్సు దిగేచోట ఊరంతా నిలబడి ఉంది. మా అత్త వడ్రంగి చేత టేకుకర్రతో చంకకర్రలు చేయించి పట్టుకొచ్చింది. మా ఆయన పెద్ద పెట్టె భుజాన వేసుకుని టకటకా మెట్లు దిగాడు. జనం నోళ్లు తెరిచారు. ఒక ముసలాయన వంగి, మా ఆయన ప్యాంటు పైకి జరిపి చూసి, “అబ్బ, సౌదోళ్లు కట్టెకాలుకు ఎంటికలు గూడ వెట్టిండ్రురో!” అన్నాడు. మా అత్త అలా నమ్మే మనిషి కాదు. మెడలోని పిన్నీసు తీసి పొడిచింది. ఆయన పెట్టిన కేకకు బస్సులోవాళ్లు కూడా దిగొచ్చారు.

ఆ సాయంత్రం మా అత్త ఇంటి ముందు పంచాయితీ. క్యాసెట్లన్నీ పెట్టించుకుని విన్నారు. పెద్దమనిషి తీర్పు చెప్పాడు. “పిల్లా, నీ మొగడు ఒక్క మాట తప్పలే. ఊరందరిని ఏడిపించింది నువ్వే.”

“మరి ఏసీలు నడుస్తలేవని చెప్పకపాయె గద?”

“మూడున్నయా, లేవా?”

“ఉన్నయి.”

“మరింకేంది?”

నేను మా ఆయన దిక్కు తిరిగి, “నువ్వన్న చెప్పరాదయ్యా” అన్నాను. తల వంచుకుని కూర్చున్న ఆ ధర్మకాంట మెల్లగా, “నడుస్తున్నయా అని ఎవలన్న అడిగితే చెప్పేటోన్ని” అన్నాడు. చేతిలో ఏదైనా ఉంటే ఆ రోజు ఆ కాలు నిజంగానే తీసేసేదాన్ని.

మా తమ్ముడు మూడేళ్లు నాతో మాట్లాడలేదు. సౌదీ పోయినవాడు ఒకడు డాబా కడితే చాలు, “మా అక్క జెయ్యవట్టి నా బతుకు గిట్లున్నది” అని ఊరంతా చెప్పుకునేవాడు. పోయి బొగ్గయి తిరిగొచ్చినవాళ్ల ఊసు ఎత్తేవాడు కాదు. తర్వాత మాటలు కలిశాయి గానీ, ఆ ముచ్చట మాత్రం మా మధ్య ఎప్పుడూ రాలేదు. మా ఆయన పోయి ఇప్పటికి నాలుగేళ్లు.

మొన్నొక రోజు మా తమ్ముడు తన పెద్దకొడుకును వెంటబెట్టుకొచ్చాడు. వాడికి పాతికేళ్లు, పెళ్లయింది. తమ్ముడి తల పండిపోయింది, ఒంటిమీద ఇంకా గొర్రె వాసన. “అక్కా, వీడు సౌదీ పోతడట. మంద అమ్ముమంటుండు. నా మాట ఇంటలేడు, జర నువ్వు చెప్పు.”

“నిజం చెప్పాల్నా, అబద్ధం చెప్పాల్నా?” అన్నాను. ఊరుకుంటానా మరి!

మా తమ్ముడు కొడుకు దిక్కు చూశాడు. “ఏది చెప్తే ఆగుతడో గది చెప్పు” అన్నాడు.

ఇన్నేళ్లకు నాకు దక్కిన తీర్పు అది. ఇప్పుడు ఎవరి కాలు తీయను? గోడ మీద మా ఆయన ఫోటో చూశాను. పటం కట్టినవాడు నడుము దాకే కట్టాడు. కాళ్లు లేవంటే ఇప్పుడది అబద్ధం కూడా కాదు. నాకు నవ్వొచ్చింది. పిల్లవాడు బిత్తరపోయి, “ఏందత్తా?” అన్నాడు. “కూసో బిడ్డా” అని ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఉల్లిగడ్డ బస్తాల మధ్య ఎర్ర బటను నొక్కి భోరుమన్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఉండి ఉంటే ఇంకా బాగా చెప్పేది. నాకిప్పుడు నిజం తప్ప ఇంకేదీ చేతకావడం లేదు.